వయస్సు, ఆహారము, సాత్మ్యము

వయస్సు మీరిన కొలది మనుష్యుని ఆహారము మారుననుట లోకానుభవము. పసితనమున పాలు, బాల్యమున చద్ది, యౌవనమున సర్వము, వార్ధకమున మజ్జిగయు మెత్తని అన్నమును అని మన యిండ్లలో తరచు వినబడును. ఒకనాడు ఆవకాయతో కడుపునిండ తిన్నవాడు నేడు చారన్నముతో సరిపెట్టుకొనును. "వయస్సు వచ్చినది, ఇక అరుగదు" అని ఇంటివారు నిశ్చయింతురు. ఆ నిశ్చయము జరిగిన పిదప వృద్ధుల విస్తరినుండి ఒక్కొక్క పదార్థమే తొలగిపోవును. ఇట్లు తొలగించుటకు శాస్త్రసమ్మతి కలదనియు, మన పూర్వులు వయస్సునుబట్టియే ఆహారమును విధించిరనియు చెప్పుట పరిపాటి. ఈ మాట ఎంతవరకు నిజమో ప్రాచీన గ్రంథముల సాక్ష్యమును, మన దేశచరిత్రమును పట్టి పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. మన గ్రంథములలో ఆహారమునకు వయస్సు ఒక హేతువే కాని ఏకైకహేతువు కాదు. వయస్సు వలన వచ్చినవని మనము తలచు మార్పులలో కొన్ని అలవాటు వలన వచ్చినవి. కొన్ని ఆశ్రమధర్మము వలన వచ్చినవి. కొన్ని వైధవ్యము వలన వచ్చినవి. మరికొన్ని నేలమీద పంట మారుట వలన వచ్చినవి. వీనినన్నిటిని వయస్సు పేర ఒక్కచో రాశిపోసినచో చరిత్ర తారుమారగును. అంతకుమించి, ముసలివారికి అందవలసిన ఆహారము అందకుండ పోవును.

1. పాలనుండి అన్నమునకు

సుశ్రుతసంహిత సూత్రస్థానము 35వ అధ్యాయమున వయోవిభాగము కలదు. అందు బాల్యము పదునారేండ్ల వరకును, మధ్యవయస్సు డెబ్బదియేండ్ల వరకును, అటుపిమ్మట వార్ధకమును చెప్పబడినవి. బాలురు మరల మూడు విధములు: ఏడాది నిండువరకు క్షీరపులు, రెండేండ్ల వరకు క్షీరాన్నాదులు, ఆ మీద అన్నాదులు. పాలు త్రాగువాడు, పాలును అన్నమును తినువాడు, అన్నము తినువాడు అని వీని కర్థము. ఇక మధ్యవయస్సున ఇరువదియేండ్ల వరకు వృద్ధి, ముప్పదివరకు యౌవనము, నలుబదివరకు సంపూర్ణత, ఆపైన డెబ్బదివరకు కొంచెము కొంచెముగ హాని అని నాలుగు భాగములు.

ఈ విభాగమున ఒక విశేషమును మనము గుర్తింపవలెను. బాల్యమునందలి మూడు దశలకు మాత్రమే ఆహారమునుబట్టి పేర్లు పెట్టబడినవి. అన్నాదుడను పేరు వచ్చిన పిదప కడవరకు మరియొక ఆహారనామము లేదు. తరువాతి దశలకు శరీరస్థితినిబట్టియే పేర్లు. డెబ్బదియేండ్లు దాటినవానిని వానకు నానిన పాతయింటివలె క్రుంగిపోవువానిగ వర్ణించిన సుశ్రుతుడు, వానికొక ప్రత్యేకాహారవర్గమును మాత్రము ఏర్పరుపలేదు. వార్ధకమునకు వైద్యమున జాగ్రత్త చెప్పెను. దాహకర్మము, క్షారము, విరేచనము అనువానిని బాలవృద్ధుల విషయమున వర్జింపుమనెను. అది చికిత్సను గూర్చిన నిషేధమే కాని భోజనమును గూర్చినది కాదు.

పాలనుండి అన్నమునకు దాటుటను మన పూర్వులు సంస్కారముగ భావించిరి. తెలుగునాట బ్రాహ్మణులలో పెక్కుమంది అనుసరించు ఆపస్తంబగృహ్యసూత్రము పుట్టిన ఆరవనెలలో అన్నప్రాశనము చెప్పినది. పెరుగు, తేనె, నెయ్యి, అన్నము కలిపి శిశువునకు తినిపింపవలెను. తిత్తిరిపక్షి మాంసముతో తినిపింపవలెనని కొందరి మతమని ఆ సూత్రకారుడే చెప్పెను. ఆశ్వలాయనుడు కోరిన ఫలమునుబట్టి మేకమాంసమును, తిత్తిరిమాంసమును, నేతియన్నమును విధించెను. మనుస్మృతి ఆరవనెల యని చెప్పి, కులాచారమునకును చోటు విడిచినది. కాశ్యపసంహిత వేరొక మార్గమును త్రొక్కినది: ఆరవనెలలో పండ్లు తినిపించి, దంతములు వచ్చిన పిదపగాని పదవనెలలోగాని అన్నము పెట్టుమన్నది.

నెలల లెక్కలో భేదమున్నను, మార్పు క్రమముగ జరుగవలెనను విషయమున వైద్యగ్రంథములకు భేదము లేదు. సుశ్రుతుడు ఆరవనెలలో పెట్టు అన్నము లఘువును హితమును కావలెననెను. వాగ్భటుడు దంతములు వచ్చిన శిశువును చనుబాలనుండి మెల్లమెల్లగ మరల్పవలెనని చెప్పి, పాలు మానిన బిడ్డ తృప్తికి మొరటిపప్పు, అతిమధురము, తేనె, పేలాలు, కలకండతో చేసిన ఉండను సూచించెను. మొదటి ఆరునెలలు చనుబాలే చాలుననియు, పిదప ఇతరాహారము చేర్చి రెండేండ్ల వరకును ఆపైనను చనుబాలు కొనసాగింపవచ్చుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2001 నుండి చెప్పుచున్నది. క్షీరాన్నాదుడను ప్రాచీననామము ఈ సలహాకు దూరమైనది కాదు.

కావున వయస్సు ఆహారమును నిజముగ శాసించు కాలమొకటి కలదు. అది శైశవము. దంతములు లేనివానికి నమలుట లేదు. ఇందు వివాదము లేదు. ఈ తొలిదశకు చెల్లిన నియమమును తుదిదశకు అట్లే అన్వయించుటవలన పొరపాటు పుట్టుచున్నది. "ముసలితనము రెండవ పసితనము" అను నానుడి వినుటకు ఇంపుగ ఉండును గాని ఆహారవిషయమున దానికి సుశ్రుతుని విభాగమున ఆధారము లేదు.

2. అలవాటు చేసిన శరీరము

అన్నాదుడైన శిశువు వెంటనే అన్నియు తినడు. మన యిండ్లలో బిడ్డకు మొదట పాలన్నము, పిదప నేతితో మెదిపిన పప్పన్నము, ఆ పిదప చారు, తరువాత కూరలు, కడపట ఊరగాయ. ఊరగాయముక్కను నీట కడిగి పెట్టుట, ఆపైన కడుగకయే కొంచెము నాకించుట, చివరకు ముద్దలో కలిపి పెట్టుట అని అందును అంతరువులు కలవు. ఇది వయస్సు తనంతట తెచ్చిన మార్పు కాదు. తల్లియో అమ్మమ్మయో ముద్దముద్దకు నేర్పిన విద్య. ఈ విద్య లేనిచోట పెరిగిన బిడ్డ ఇరువదియేండ్లు వచ్చినను ఆవకాయను తినలేడు.

ఈ కారమునకును ఒక చరిత్ర కలదు. మిరపకాయ అమెరికా ఖండమునుండి వచ్చినది. వాస్కోడిగామా 1498లో కాలికట్టు చేరిన పిదప పోర్చుగీసువారి వర్తకమార్గమున మన దేశమునకు చేరినది. పోతన భాగవత దశమస్కంధమున గోపబాలకులు యమునాతీరమున కూర్చుండి చల్దులారగించు ఘట్టము తెలుగువారికి కంఠస్థము. ఆ బాలకుల వ్రేళ్లసందున ఊరగాయలు కలవు. పోతన కాలమున ఆ ఊరగాయలలో మిరపకారము లేదు. నాటి కారము మిరియము, అల్లము, ఆవ మొదలగువానిది. మిరియమునుబట్టియే మిరపకాయకు పేరు కలిగినది. నేడు "తెలుగువాని నాలుక" అని మనము గర్వముగ చెప్పుకొను నాలుక కొలది శతాబ్దుల అలవాటు వలన తయారైనదే.

ఈ అలవాటునకు చరకుడు ఓకసాత్మ్యమని పేరు పెట్టెను. ఓకస్సు అనగా నివాసము. చిరకాలాభ్యాసమువలన శరీరమున కాపురమున్నదానివలె అనుకూలించిన ఆహారము ఓకసాత్మ్యమని భావింపవచ్చును. విమానస్థానము మొదటి అధ్యాయమున ఆహారవిధికి ఎనిమిది విషయములను చెప్పుచు, కడపటిదియగు ఉపయోక్తను, అనగా తినువానిని, ఈ ఓకసాత్మ్యమున కాశ్రయముగ చరకుడు నిరూపించెను. ఆ అధ్యాయముననే ఒక ఉదాహరణము కలదు. బాహ్లిక, సౌరాష్ట్ర, సింధు, సౌవీర దేశములవారు పాలలోకూడ ఉప్పు వేసికొందురట. అతిలవణమువలన వారికి బట్టతల, అకాలపలితము, ముడుతలు మొదలగునవి వచ్చునట. అనగా వయస్సు వలన రావలసిన చిహ్నములు ఆహారపుటలవాటు వలన ముందుగ వచ్చుచున్నవని చరకుని యభిప్రాయము. ఉప్పునకు బట్టతలకు గల సంబంధమును నేటి శాస్త్రము అంగీకరింపకపోవచ్చును. కాని వాదరీతి గమనింపదగినది: వయస్సు ఆహారమును మార్చుటయే కాదు, ఆహారముకూడ వయస్సును మార్చునని అతడు తలచెను.

అలవాటైనదంతయు మేలైనదని చరకుడు చెప్పలేదు. ఆరు రసములును సాత్మ్యమైనవాడు బలవంతుడు, చిరజీవి. ఒకే రసము సాత్మ్యమైనవాడు అల్పబలుడు. చెడ్డయలవాటును మాన్పదలచినను ఒక్కసారిగ మాన్పరాదు. సూత్రస్థానము ఏడవ అధ్యాయమున, విడువవలసినదానిని నాలవవంతు చొప్పున విడుచుచు, పట్టవలసినదానిని నాలవవంతు చొప్పున పట్టవలెనని క్రమము చెప్పబడినది. శిశువును చనుబాలనుండి మరల్చుటకు వాగ్భటుడు చెప్పిన మెల్లమెల్లనే ఇది. వైద్యుని యొక్క మాటతో ఒక వృద్ధుని విస్తరినుండి ఉప్పును, పులుపును, కారమును ఒకేపూట తీసివైచువారు ఈ అధ్యాయమును చదువవలెను.

రుచియొక్క అలవాటు ఎంత తొందరగ మొదలగునో తెలుపు ప్రయోగమొకటి 2001లో ప్రకటింపబడినది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మోనెల్ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, గర్భవతులుగ ఉన్నప్పుడుగాని చనుబాలిచ్చునప్పుడుగాని కారట్ రసము త్రాగిన తల్లుల బిడ్డలు, తరువాత కారట్ రుచిగల ఆహారమును ఇతరశిశువులకంటె సులభముగ స్వీకరించిరని గుర్తించిరి. ఓకసాత్మ్యమునకు తొలిగది తల్లిగర్భమే.

3. దశవిధపరీక్షలో వయస్సు స్థానము

చరకుడు విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున రోగిని పది విధముల పరీక్షింపవలెననెను. అవి ప్రకృతి, వికృతి, సారము, సంహననము, ప్రమాణము, సాత్మ్యము, సత్త్వము, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. వయస్సు పదవది. అంతకుముందే సాత్మ్యమును ఆహారశక్తిని వేరువేరుగ లెక్కించెను. వయస్సు తెలిసినంత మాత్రమున ఆహారశక్తి తెలియునని చరకుడు తలచియుండినచో ఈ రెండింటిని విడివిడిగ పరీక్షింపవలసిన పనియే లేదు.

ఆహారశక్తిని తిరిగి రెండుగా విడదీసెను. ఒకటి అభ్యవహరణశక్తి, అనగా తినగల శక్తి; రెండవది జరణశక్తి, అనగా అరిగించుకొనగల శక్తి. ఇంటివారు "అరుగదు" అన్నప్పుడు చాలసార్లు జరుగుచున్నది జరణశక్తి తగ్గుట కాదు. పండ్లు ఊడుట, నోరెండుట, వాసన తెలియకుండుట, ఒంటరిగ కూర్చుండి తినవలసి వచ్చుట అనునవి అన్నియు తినగల శక్తికి సంబంధించినవి. తినలేనివానికి మెత్తగ వండి పెట్టవచ్చును, పక్కన కూర్చుండి పెట్టవచ్చును. అరుగదని నిశ్చయించినచో పెట్టుటయే మానుదురు. రెండు మాటలకు గల ఈ భేదమునందు ఒక మనుష్యుని జీవితమే ఇమిడియున్నది.

వయోవిభాగపు హద్దులుకూడ స్థిరమైనవి కావు. చరకుడు వార్ధకమును అరువదితో ఆరంభింపగ, సుశ్రుతుడు డెబ్బదితో ఆరంభించెను. పెరుగుచున్న వయస్సును చరకుడు ముప్పదివరకు పొడిగించెను. బాల్యమున కఫము, మధ్యమున పిత్తము, తుదిని వాతము ప్రబలునని అందరును అంగీకరించినను, వాగ్భటుడు ఈ క్రమమునే పగటికి, రాత్రికి, భోజనానంతరకాలమునకును చెప్పెను. అనగా వయస్సు కాలముయొక్క అనేకరూపములలో ఒకటి. వాతప్రాబల్యమును పట్టి ఆహారమును తగ్గింపుమనుటకును వీలులేదు. వాతమునకు ప్రతిక్రియ స్నిగ్ధోష్ణమగు ఆహారము. ఉపవాసమును రూక్షాహారమును వాతమును పెంచునవే. ముసలివారికి నేయి మాన్పించి ఎండుమెతుకులు పెట్టుట ఈ గ్రంథముల దృష్టిలో విపరీతచర్య.

4. కబళముల లెక్క

వైద్యమున కనబడని తగ్గింపు ధర్మశాస్త్రమున కనబడును. ఆపస్తంబధర్మసూత్రము మునికి ఎనిమిది కబళములు, అరణ్యవాసికి పదునారు, గృహస్థునకు ముప్పదిరెండు, బ్రహ్మచారికి పరిమితిలేదు అని చెప్పినది. నాలుగాశ్రమములను వయస్సు వరుసలో నిలిపినచో ఈ లెక్క వయస్సుతోపాటు ఆహారము సగము సగముగ తగ్గుటకు నిర్ణయము వలె తోచును. ఈ సూత్రమును ఇట్లు చదివియే వార్ధకమునకు అల్పాహారము శాస్త్రోక్తమని చెప్పుట సులభమైనది.

కాని సూత్రము చెప్పునది ఆశ్రమమును, వయస్సును కాదు. యువకుడు సన్న్యసించినను అతనికి ఎనిమిదే కబళములు. ఎనుబదియేండ్లవాడు గృహస్థుడై యున్నచో అతనికి ముప్పదిరెండు. అన్నము తగ్గించుకొనుట అచ్చట తనకు తాను విధించుకొను తపస్సు. ఇతరులు ఒకనిపై విధించు నియమము కాదు. ఆ ప్రకరణముననే మరియొక వాక్యము కలదు: గృహస్థుడు అవసరమైనచో తనకును, భార్యకును, పుత్రునకును ఆహారమును తగ్గింపవచ్చునుగాని పనిచేయు దాసునకు తగ్గింపరాదు. అనగా ఆహారపరిమాణమునకు శ్రమ ప్రధానమను దృష్టి ఆపస్తంబునకు స్పష్టముగ కలదు. వడ్డించు క్రమమునుగూర్చి చెప్పుచు, అతిథుల పిదప బాలురకును, వృద్ధులకును, రోగులకును, గర్భవతులకును ముందుగ భోజనము పెట్టుమనెను. ముందుగ పెట్టుమనుటయే కాని కొంచెముగ పెట్టుమనుట అందు లేదు.

ఇక వనస్థుని మాట. మనుస్మృతి ఆరవ అధ్యాయమున వనస్థులలో దంతములనే రోలుగ చేసికొని ధాన్యమును నమలువారు పేర్కొనబడిరి. ముడుతలు, నెరపు కనబడిన పిదపనే అడవికి పోవలెనని చెప్పిన అధ్యాయముననే ఈ దంతోలూఖలికుడు కనబడుచున్నాడు. వార్ధకమునకు మెత్తని అన్నమే విధియను నియమము ఆ స్మృతికర్త మనస్సున లేదనుటకు ఇంతకన్న నిదర్శనమక్కరలేదు.

5. వైధవ్యము వార్ధకముగ భ్రమింపబడుట

మన దేశమున ఆహారమును అన్నిటికన్న కఠినముగ తగ్గించిన నియమము వయస్సును పట్టి కాక వైధవ్యమును పట్టి ఏర్పడినది. మనుస్మృతి ఐదవ అధ్యాయము విధవ పుష్పములతో, మూలములతో, ఫలములతో దేహమును కృశింపజేసికొనవచ్చునన్నది. స్కాందపురాణాంతర్గతమగు కాశీఖండము విధవకు ఏకభుక్తము విధించినది. ఈ విధులు పదియేండ్ల బాలికకును, అరువదియేండ్ల వృద్ధకును ఒక్కటే.

బాల్యవివాహములు విరివిగ జరిగిన కాలమున పసితనముననే విధవలైనవారు పెక్కుమంది. 1856లో వితంతుపునర్వివాహచట్టము వచ్చినను, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించువరకు తెలుగునాట దానికి ఆచరణరూపము రాలేదు. ఆపైనను మార్పు మెల్లగనే జరిగినది. పదియేండ్లకు ఒంటిపూట భోజనమునకు అలవాటుపడి, ఉల్లి, వెల్లుల్లి మొదలగునవి విడిచి, అరువదియేండ్లు ఆ విధముగ గడిపిన స్త్రీలు మన కుటుంబములలో అవ్వలై కూర్చుండిరి. వారి మనుమలకు తెలిసినది అవ్వ ఒంటిపూట తినుననియే. అవ్వ ఎందుకట్లు తినునో ఎరుగని మనుమలు దానిని వార్ధకలక్షణముగ భావించిరి. "పెద్దవారు రాత్రి అన్నము తినరు" అను సామాన్యవాక్యము ఇట్లు కొంతవరకైనను పుట్టినదని మా ఊహ. ఆమెకు రాత్రి ఆకలి వేయలేదని కాదు. ఆకలి చెప్పుకొనుటకు అనుమతి లేదు. వైధవ్యనియమములు సడలిన పిదపకూడ, దానినుండి పుట్టిన వార్ధకనియమము కొన్ని యిండ్లలో నిలిచియున్నది.

6. పలనాటి జొన్న, పలనాటి వరి

అలవాటునకు భంగము కలిగినప్పుడు శరీరమును మనస్సును ఎట్లు తిరుగబడునో మన సాహిత్యమున చెప్పినవాడు శ్రీనాథుడు. కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేముని ఆస్థానమున విద్యాధికారియై రాజభోగముల ననుభవించిన ఈ 15వ శతాబ్ది కవి, పలనాటి జొన్నకూటిని ఈసడించుచు చెప్పినట్లు ప్రచారముననున్న చాటువులు సుప్రసిద్ధములు. కన్నడదేశమున వెల్లుల్లి పట్టించిన తెలికపిండిని మింగవలసి వచ్చినందులకు మొరపెట్టుకొన్న చాటువుకూడ ఆయన పేరనే యున్నది. ఇవి వయస్సు పలికించిన మాటలు కావు. సన్నబియ్యమునకు అలవాటుపడిన ఓకసాత్మ్యము పలికించిన మాటలు. ఆ పలనాటివాడే కొండవీటికి వచ్చియుండినచో, జొన్నసంకటి లేని భోజనము భోజనమే కాదని అతడును ఒక చాటువు చెప్పియుండును.

శ్రీనాథుని తరువాత ఐదు శతాబ్దులకు పలనాటిలో పంట మారినది. కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపనము జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడినది. కుడికాలువ నీరు పారిన పలనాటి భూములలో వరి నిలిచినది. దీనికి ఒక శతాబ్దికి పూర్వమే ధవళేశ్వరమున గోదావరిపై 1847-52 నడుమ కాటన్ కట్టించిన ఆనకట్ట, తరువాత విజయవాడలో కృష్ణపై కట్టిన ఆనకట్ట, డెల్టాలలో వరిని విస్తరింపజేసినవి. కాలువ పారని మెట్టప్రాంతములకుకూడ 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ప్రవేశపెట్టిన కిలో రెండురూపాయల బియ్యము వరియన్నమును చేర్చినది. జొన్నసంకటి, రాగియంబలి, సజ్జరొట్టె పేదరికమునకు గుర్తులై వెనుకబడినవి. తెల్లని అన్నము గౌరవమునకు గుర్తైనది.

ఇప్పుడు ఒక లెక్క వేయుదము. 1967లో నలుబదియేండ్ల వయస్సున ఉన్న పలనాటి రైతు 1997నాటికి డెబ్బదియేండ్లవాడు. అతని శరీరము జొన్నతో పెరిగినది, అతని వార్ధకము వరితో గడచినది. అన్నము తిన్న రెండుగంటలకే ఆకలియగుచున్నదనియు, జొన్నరొట్టె తిన్నంత నిండుదనము లేదనియు అతడు చెప్పినచో, వినువారు అది ముసలితనపు చాదస్తమనిరి. ఆ ఫిర్యాదు వయస్సుది కాదు. అతని జీవితకాలమున మారిన పంటది. పిదప మరియొక చిత్రము జరిగినది. మధుమేహము పెరిగిన కొలది వైద్యులు వృద్ధులను అన్నము తగ్గించి జొన్నరొట్టె తినుమనసాగిరి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. ఒకనాడు విడువుమన్నదానినే తిరిగి తినుమన్నారు. రెండుసార్లును చరకుడు చెప్పిన నాలవవంతుల క్రమము పాటింపబడలేదు.

అట్లని జొన్నను దైవముగ పూజింపనక్కరలేదు. జొన్నయే ప్రధానాహారముగ గల పేదలలో పెల్లాగ్రా అను వ్యాధి కనబడుటను హైదరాబాదున పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతయ్య పరిశీలించి, జొన్నయందలి ల్యూసిన్ ఆధిక్యమును అందుకు కారణముగ 1960లో సూచించిరి. ఏకరససాత్మ్యుడు అల్పబలుడన్న చరకుని మాట ఏకధాన్యమునకును వర్తించును. వరి మాత్రమే తినుటయు అట్టిదే. మేలు ధాన్యమున కాక వైవిధ్యమున కలదు.

7. నేటి శాస్త్రము ప్రాచీనులతో ఏకీభవించు చోటు, ఏకీభవింపని చోటు

ప్రాచీనుల మాట అంతయు నిలుచునని మేము చెప్పుటలేదు. సుశ్రుతుడు పాలను బాలురకు, వృద్ధులకు, క్షీణులకు మిక్కిలి పథ్యమనెను. పాలలోని లాక్టోజ్ అను చక్కెరను విడగొట్టు లాక్టేజ్ శైశవానంతరము మానవులలో ఎక్కువమందికి తగ్గిపోవునని ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున తెలిసినది. కొన్ని జాతులలో అది పెద్దతనమునను తగ్గకుండుటకు సంబంధించిన జన్యుభేదమును ఫిన్లండు పరిశోధకులు 2002లో గుర్తించిరి. మన దేశమున వాయవ్యప్రాంతములవారికంటె దక్షిణాదివారిలో పాలు పడనివారెక్కువ. కావున వృద్ధులందరకు పాలు పథ్యమను సూత్రము తెలుగువారందరకు చెల్లదు. తెలుగువాని భోజనము పాలతో కాక పెరుగుతోనో మజ్జిగతోనో ముగియుట ఇచ్చట గమనింపదగినది. తోడు వేసినప్పుడు లాక్టోజ్ కొంత తగ్గును. పాలు పడనివారిలో పెక్కుమందికి పెరుగు పడును. ఇది మార్పు వయస్సు వలననే వచ్చుటకు నిజమైన ఉదాహరణము. అయినను ఈ మార్పు ముసలితనమున కాక బాల్యముననే ఆరంభమగుచున్నది.

మరియొకచోట నేటి శాస్త్రము చరకునితో ఏకీభవించును. ఆరోగ్యవంతులగు వృద్ధులలో అన్నము, పప్పు, నేయి మొదలగువానిని అరిగించుకొను శక్తి చాలవరకు నిలిచియుండును. తగ్గునవి వాసన, రుచి, పండ్లు, నోటితడి, ఆకలి. కడుపులో ఆమ్లము తగ్గినవారికి బి12 విటమిను సరిగ అందకపోవచ్చును. శరీరశ్రమ తగ్గుటచే శక్తి అవసరమును తగ్గును. కాని మాంసకృత్తుల అవసరము తగ్గదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఆహారవ్యవసాయసంస్థ మొదలగువారు 2007లో ప్రకటించిన నివేదిక, శరీరపు బరువు కిలో ఒక్కంటికి రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు యువకులకును వృద్ధులకును సమానముగ చెప్పినది. అనగా వృద్ధుడు తినునది కొంచెమైనచో ఆ కొంచెమునందు పప్పు, పెరుగు, అలవాటున్నచో గ్రుడ్డు, చేప పాలు హెచ్చవలెను. మన యిండ్లలో జరుగునది దీనికి విపరీతము. పప్పు వాతమని, గ్రుడ్డు వేడియని, చేప అరుగదని తీసివైచి చారును మజ్జిగను మిగుల్చుదురు. కండ కరగి కాలు తడబడినప్పుడు దానికిని వయస్సే కారణమందురు.

ఉపసంహారము

పైని సాక్ష్యమునుండి తేలునదిది. వయస్సు ఆహారమును నిశ్చయముగ శాసించునది శైశవమున. ఆపైన అలవాటు, శ్రమ, సాంఘికనియమము, పంట, రోగము కలిసి శాసించును. వయస్సు వానితో చేరి పనిచేయును. ప్రాచీనవైద్యులు దీనిని ఎరిగియే వయస్సును సాత్మ్యమునుండి, ఆహారశక్తినుండి వేరుచేసి లెక్కించిరి. ఆ వివేకమును మనము పోగొట్టుకొని, తపస్సునకై చెప్పిన కబళసంఖ్యను, విధవకై చెప్పిన ఏకభుక్తమును, శిశువునకై చెప్పిన లఘ్వాహారమును ఒకటిగ కలిపి వృద్ధుని విస్తరిలో వడ్డించుచున్నాము.

పరిశోధకవిద్యార్థులకు ఇచ్చట చేయదగిన పని చాల కలదు. డెబ్బది, ఎనుబదియేండ్లు దాటినవారు తమ పదవయేట, ముప్పదవయేట, అరువదవయేట ఏమి తినిరో గ్రామగ్రామమున అడిగి వ్రాసికొనవలెను. ఏ పదార్థము ఎప్పుడు విడిచిరో, తామై విడిచిరో ఇతరులు విడిపించిరో వేరుచేసి వ్రాయవలెను. సంకటి, గటక, అంబలి, తరవాణి, చద్ది అను మాటలకు నిఘంటువులలో అర్థము దొరకును; ఏ వయస్సువారు ఏ వేళ ఎంత తినిరో నిఘంటువులలో దొరకదు. అది తెలిసినవారు ఇంకను మన నడుమ కొందరున్నారు.

పెద్దలమాట చద్దిమూట అని మనవారందురు. మాటను చద్దిమూటగ స్వీకరించు మనము, ఆ పెద్దలకు చద్ది పడదని చెప్పుటకు ముందు వారినే ఒకసారి అడుగుట న్యాయము.